డీవీడీ డ్రైవ్ ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి మాయమవుతుంది: పాత పెంటియం 4, సాయం కావాలి

పెదవాల్తేరు_డీటీపీ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నగారు విశాఖ డాబాగార్డెన్స్‌లో ఇరవై ఏళ్లు డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే పని) చేశారు. శుభలేఖలు, స్కూలు మ్యాగజైన్లు, కరపత్రాలు, అన్నీ. 2006లో అసెంబుల్ చేయించిన పెంటియం 4 ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది. విండోస్ ఎక్స్‌పీ, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు అందులోనే. చేసిన పనంతా 62 సీడీలు, డీవీడీల్లో దాచుకున్నారు. పాత వాల్తేరు వీధుల మీద ఆయన రాసుకున్న పుస్తకం కూడా ఆ డిస్కుల్లోనే ఉంది. దసరాకి అచ్చు వేయించాలని పట్టుదలగా ఉన్నారు.

సమస్య ఏమిటంటే, డీవీడీ రైటర్ (ఐడీఈ అనే పాతరకం వెడల్పాటి కేబుల్‌ది) ఒకసారి బాగానే చదువుతుంది. ఇంకోసారి డిస్కు పెట్టగానే గిర్రున తిరిగి, టక్ టక్ మని, మై కంప్యూటర్‌లోంచి డ్రైవే మాయమవుతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తుంది. నిన్న పొద్దున నాలుగు డిస్కులు కాపీ అయ్యాయి, సాయంత్రం ఒక్కటీ కాలేదు. అదే డిస్కు, అదే డ్రైవ్. పాటల సీడీ పెడితే మాత్రం గంటసేపు ఆగకుండా పాడుతుంది.

ఇంకొకటి, పనికొస్తుందో లేదో తెలియదు. డ్రైవ్ మాయమయ్యే ముందు క్యాబినెట్ ఫ్యాన్ చప్పుడు కొంచెం తగ్గుతుంది.

నాన్నగారు రోజూ "నిన్న పని చేసింది కదరా" అంటారు. నా దగ్గర జవాబు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

---

సీతమ్మధార_99 | సోమవారం, రాత్రి 10:05

అన్నా, ఇంత పాతదాని మీద టైమ్ ఎందుకు? ద్వారకానగర్ వెళ్లి ఒక యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొనుక్కో, ల్యాప్‌టాప్‌కి తగిలించు, అన్నీ కాపీ చేసేయ్. ఒక్క పూటలో అయిపోతుంది.

---

డీటీపీ_అక్క | సోమవారం, రాత్రి 10:30

బయటి డ్రైవ్ కొనాల్సిందే, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, కాపీ అయితే సగం పనే అయినట్టు. పేజ్‌మేకర్ ఫైళ్లని కొత్త ల్యాప్‌టాప్‌లో తెరవడం అంత తేలిక కాదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ మిషన్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి పెట్టినవి. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే 'అమ్మ' అన్న చోట అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కాబట్టి పుస్తకం బయటికి వచ్చేదాకా ఆ పాత మిషన్ బతికుండాలి.

మా ప్రెస్సులో ఇలాగే ఒక మిషన్ పోయాక, రెండు నెలలు పేజీలన్నీ మళ్లీ టైపు చేశాం. ఆ బాధ ఎవరికీ వద్దు.

---

మద్దిలపాలెం_ఈసీఈ | మంగళవారం, ఉదయం 7:15

ఎక్స్‌పీలో డ్రైవ్ మాయమవడానికి బాగా తెలిసిన కారణం ఒకటుంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అని రెండు ఎంట్రీలు ఉంటాయి. పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు తీసేసినప్పుడు అవి చెడిపోతాయి. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పక్కన పసుపు గుర్తు, కోడ్ 19 గానీ 31, 39, 41 గానీ ఉందేమో చూడండి. ఉంటే ఆ రెండూ తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

---

ఉక్కునగరం_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:50

బాబూ, రిజిస్ట్రీ జోలికి అప్పుడే వెళ్లవద్దు. ఫిల్టర్ల సమస్య అయితే డ్రైవ్ ఎప్పుడూ కనిపించకూడదు. పొద్దున కనిపించి సాయంత్రం పోయేది అది కాదు. ఒకవేళ చేసినా ముందు రిజిస్ట్రీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకున్నాకే.

నేను ముప్పై ఏళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పని చేశాను. ఉండుండి వచ్చే లోపానికి మందు ఒక్కటే: పుస్తకం, పెన్ను. మూడు రోజులు ఏదీ మార్చవద్దు. ప్రతిసారీ ఇవి మాత్రం రాయండి: టైము, మిషన్ ఆన్ చేసి ఎంతసేపైంది, ఏ డిస్కు, ఏమైంది. డ్రైవ్ మాయమైనప్పుడు రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి, అక్కడ డ్రైవ్ పేరు ఉందో లేదో చూడండి. బయోస్‌లోనూ లేదంటే విండోస్‌తో సంబంధం లేదు. అది తీగ, కరెంటు, లేదా డ్రైవే.

ఇంకొకటి. మై కంప్యూటర్ మీద కుడి క్లిక్, మేనేజ్, ఈవెంట్ వ్యూయర్, అందులో సిస్టమ్. అక్కడ ఎర్ర గుర్తుల పక్కన నంబర్లు ఉంటాయి. సీడీరామ్ పేరుతో 7 అని ఉంటే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్కునో లెన్సునో అనుమానించాలి. ఏటాపీ (ఐడీఈ డ్రైవ్‌లతో మాట్లాడే విండోస్ భాగం) పేరుతో 9 అయితే డ్రైవ్ టైముకి జవాబివ్వలేదని, 11 అయితే కంట్రోలర్ ఎర్రర్ అని. ఈ రెండూ వస్తుంటే డిస్కుని తుడుచుకుంటూ కూర్చోవడం దండగ.

---

పెదవాల్తేరు_డీటీపీ | మంగళవారం, రాత్రి 9:10

మాస్టారూ, ధన్యవాదాలు. ఇప్పుడే చూశాను. పసుపు గుర్తు లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో ఏటాపీ 9లు చాలా ఉన్నాయి, 11లు కొన్ని. 7 రెండే రెండు, రెండూ ఒకే డీవీడీ పెట్టినప్పటివి. నోట్‌బుక్ మొదలుపెట్టాను.

---

గోపాలపట్నం_లైనక్స్ | మంగళవారం, రాత్రి 10:20

9లు అన్ని ఉన్నాయంటే ఒకటి చూడండి. డివైస్ మేనేజర్‌లో సెకండరీ ఐడీఈ ఛానెల్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్. కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర 'పీఐఓ' అని ఉందా, 'అల్ట్రా డీఎంఏ' అని ఉందా? డీఎంఏ అంటే డేటా నేరుగా మెమరీకి వెళ్లే వేగమైన దారి, పీఐఓ నెమ్మదైనది. ఎక్స్‌పీ ఏం చేస్తుందంటే, ఆ ఛానెల్‌లో టైమౌట్లు, ఎర్రర్లు కలిపి ఆరు దాటితే మోడ్‌ని మెట్టు మెట్టుగా తగ్గిస్తూ చివరికి పీఐఓకి దింపేస్తుంది. అక్కడికి దిగాక తనంతట తాను పైకి ఎక్కదు. అప్పుడు ప్రతి బైటూ ప్రాసెసర్ చేత్తో మోసినట్టే. సీడీ చదువుతుంటే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంది.

పీఐఓ ఉంటే ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ మళ్లీ కనుక్కుని డీఎంఏలో పెడుతుంది.

---

పెదవాల్తేరు_డీటీపీ | గురువారం, రాత్రి 8:30

పీఐఓలోనే ఉంది! మీరు చెప్పినట్టు చేశాను. ఇప్పుడు అల్ట్రా డీఎంఏ మోడ్ 2. వరసగా మూడు సీడీలు, ఒక డీవీడీ కాపీ అయ్యాయి. మౌస్ ఆగడం లేదు. నాన్నగారి ముఖం వెలిగిపోయింది. అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సమస్య తీరినట్టే.

---

ఉక్కునగరం_మాస్టారు | గురువారం, రాత్రి 9:45

సంతోషం. కానీ నోట్‌బుక్ ఆపవద్దు. పీఐఓకి దిగింది ఎర్రర్లు వచ్చినందువల్ల. ఆ ఎర్రర్లు ఎందుకు వచ్చాయో మనకింకా తెలియలేదు.

---

పెదవాల్తేరు_డీటీపీ | శుక్రవారం, రాత్రి 7:55

మాస్టారు అన్నట్టే అయింది. ఇవాళ సాయంత్రం రెండో డీవీడీకే డ్రైవ్ మాయం. బయోస్‌లో కూడా లేదు. పది నిమిషాలు ఆపి ఆన్ చేస్తే వచ్చింది.

మంగళవారం నుంచి ఇవాళ్టిదాకా నోట్‌బుక్‌లో ఉన్నది ఇది. మొత్తం 14 సార్లు డిస్కు పెట్టాను. పాటల సీడీ రెండుసార్లు, రెండూ బాగానే. డేటా సీడీలు ఆరు, రెండుసార్లు ఫెయిల్. డీవీడీలు ఆరు, నాలుగుసార్లు ఫెయిల్. ఫెయిలైనవన్నీ మిషన్ ఆన్ చేసి అరగంట దాటాకే. ఫ్యాన్ చప్పుడు తగ్గడం ఆరుసార్లూ రాసుకున్నాను.

---

కూర్మన్నపాలెం_నెట్ | శుక్రవారం, రాత్రి 8:20

లెన్సు దుమ్ము పట్టి ఉంటుంది. బ్రష్ ఉన్న లెన్స్ క్లీనర్ సీడీ ఒకటి వేసి చూడండి. మా నెట్ సెంటర్‌లో నెలకోసారి వేసేవాళ్లం.

---

గోపాలపట్నం_లైనక్స్ | శుక్రవారం, రాత్రి 8:50

లెన్సు అయితే డ్రైవ్ బయోస్‌లోంచి పోదు కదా. డిస్కు చదవలేనని అంటుంది, అంతే. డీవీడీ రైటర్‌లో సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్లది, రెండూ వేరు. ఒకటి నీరసించినా రెండోది పని చేస్తుంది. అందుకే చాలామందికి సీడీలు చదివి డీవీడీలు చదవని రోజు వస్తుంది. కానీ ఇక్కడ డేటా సీడీలకీ ఫెయిలైంది, పాటల సీడీకి కాలేదు. అదే నాకు అంతుపట్టడం లేదు.

---

ఉక్కునగరం_మాస్టారు | శనివారం, ఉదయం 6:30

రాత్రి ఆ పోస్టు మళ్లీ చదివాను. మొదటి రోజే బాబు జవాబు రాసేశాడు, మనం చూడలేదు. ఫ్యాన్!

పాటల సీడీ నిదానంగా తిరుగుతుంది. డేటా సీడీని 48ఎక్స్ వేగంతో చదివేటప్పుడు నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. అంత వేగం అందుకునేటప్పుడు మోటారు 12 వోల్టుల తీగ మీద గట్టిగా లాగుతుంది. అదే క్షణంలో ఫ్యాన్ నెమ్మదిస్తోందంటే, ఫ్యాన్‌కీ డ్రైవ్‌కీ కలిసి వచ్చే తీగలో 12 వోల్టులు పడిపోతున్నట్టు. వోల్టేజీ బాగా పడిపోతే డ్రైవ్ లోపలి బోర్డు స్పృహ తప్పుతుంది. దాంతో విండోస్‌కి టైమౌట్, మీకు 9 నంబరు.

బాబూ, మీ ఫ్యాన్‌కి కరెంటు ఎక్కడినుంచి వస్తోంది? క్యాబినెట్ తెరిచి చూడండి. ఒక తీగని రెండుగా చీల్చిన వై స్ప్లిటర్ ఉందా?

---

పెదవాల్తేరు_డీటీపీ | శనివారం, ఉదయం 8:15

ఉంది మాస్టారూ! ఎండాకాలంలో వేడెక్కుతోందని ఒక కుర్రాడి చేత ఫ్యాన్ పెట్టించాం. ఎస్‌ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే నాలుగు పిన్నుల కనెక్టర్‌కి వై తగిలించి, ఒక కాలు డ్రైవ్‌కి, ఇంకో కాలు ఫ్యాన్‌కి ఇచ్చాడు. హార్డ్ డిస్కు వేరే తీగ మీద ఉంది.

---

ఉక్కునగరం_మాస్టారు | శనివారం, ఉదయం 8:40

ఇక కొలుద్దాం. మల్టీమీటర్ ఉంటే 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల తీగ భూమి, పసుపు 12, ఎరుపు 5. సీపీయూ ఆన్‌లో ఉండగానే కొలవాలి. ప్రోబ్ ముక్కులు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం తెరవవద్దు. ప్లగ్గు పీకేసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

రెండు చోట్ల కొలవండి. ఒకటి, వై కలిసే జాయింటుకి ముందు, ఎస్‌ఎంపీఎస్ వైపు తీగ వెనక నుంచి. రెండు, వై తర్వాత, ఫ్యాన్ కాలు దగ్గర. ఖాళీ ట్రేతో ఒకసారి, డీవీడీ తిరగడం మొదలుపెట్టినప్పుడు ఒకసారి. ఒక్కచోటే కొలిస్తే మోసపోతారు. జాయింటు ముందు చూస్తే ఎస్‌ఎంపీఎస్ ఇచ్చేది కనిపిస్తుంది గానీ, డ్రైవ్‌కి అందేది కనిపించదు.

5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 12కి 11.4 దాకా ఫర్వాలేదు, 5కి 4.75 దాకా.

---

పెదవాల్తేరు_డీటీపీ | శనివారం, సాయంత్రం 6:50

పక్కింటి ఎలక్ట్రీషియన్ బాబాయి మీటరు ఇచ్చారు. అరగంట నడిచాక కొలిచాను.

జాయింటు ముందు: ఖాళీగా 11.9, డీవీడీ తిరిగేటప్పుడు 11.8.
జాయింటు తర్వాత: ఖాళీగా 11.7, డీవీడీ తిరిగేటప్పుడు 10.6.
ఎరుపు తీగ మాత్రం 4.9 కన్నా దిగలేదు.

ఆపేసి జాయింటు ఊడదీశాను. తెల్ల కనెక్టర్‌లో మూడు రంధ్రాలు తెల్లగా ఉన్నాయి. పసుపు తీగ రంధ్రం చుట్టూ మాత్రం ప్లాస్టిక్ టీ డికాషన్ రంగుకి తిరిగింది. టార్చి వేసి చూస్తే లోపలి రేకు గొట్టం నోరు కాస్త విచ్చుకుని ఉంది. అగ్గిపుల్ల కొనతో గీకితే పచ్చటి పొడి రాలింది. ఎదుటి కనెక్టర్ పిన్ను ఒకవైపు నల్లబడింది.

---

ఉక్కునగరం_మాస్టారు | శనివారం, రాత్రి 7:20

దొరికింది. ఆ జాయింటులో ఒక వోల్టుకి పైగా పోతోంది. డ్రైవ్, ఫ్యాన్ కలిసి ఒక ఆంపియర్ లాగినా, ఆవగింజంత చోట ఒక వాట్ వేడి. వేడికి రేకు బిగుతు పోతుంది, బిగుతు పోతే ఇంకా వేడి. అరగంట దాటాకే ఎందుకు ఫెయిలైందో, పది నిమిషాలు ఆపితే ఎందుకు వచ్చిందో అర్థమైంది కదా.

ఇక మన ఊరి గాలి సంగతి తెలిసిందే. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు తేమ ప్రతి లోహానికీ పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా వాళ్ల ఇళ్లలో ఎన్ని సీపీయూలు తెరిచానో. బోర్డులు బాగానే ఉండేవి, కనెక్టర్లు పచ్చబడిపోయేవి.

గీకి మళ్లీ వాడవద్దు. ఆ వై తీసి పారేయండి. నల్లబడిన ఎస్‌ఎంపీఎస్ కొనని కూడా వదిలేసి, ఖాళీగా ఉన్న ఇంకో కొనని నేరుగా డ్రైవ్‌కి పెట్టండి. ఫ్యాన్‌ని హార్డ్ డిస్కు తీగకి కలపవద్దు, మదర్‌బోర్డు మీద ఫ్యాన్ పిన్నులు ఉంటే అక్కడికి. పెట్టాక మళ్లీ కొలవండి.

---

మద్దిలపాలెం_ఈసీఈ | శనివారం, రాత్రి 7:45

మాస్టారూ, కాలేజీలో కాంటాక్ట్ రెసిస్టెన్స్ (జాయింటులో కరెంటుకి తగిలే అడ్డు) గురించి చదివాను గానీ ఇలా ఎక్కడా చూడలేదు. రిజిస్ట్రీ గురించి తొందరపడి చెప్పాను, పెదవాల్తేరు అన్నా, క్షమించండి.

---

పెదవాల్తేరు_డీటీపీ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

క్షమాపణ ఎందుకు తమ్ముడూ, నీ మాట వల్లే పసుపు గుర్తు లేదని తేలింది.

నేరుగా ఇచ్చాక డీవీడీ తిరిగేటప్పుడు 11.8. పొద్దున ఎనిమిది నుంచి ఇప్పటిదాకా 11 డిస్కులు. డ్రైవ్ ఒక్కసారీ మాయం కాలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో కొత్త 9 ఒక్కటీ లేదు.

కానీ రెండు డీవీడీలు సగంలో ఆగాయి. ఈసారి 7 నంబరు వస్తోంది. అంటే ఇది వేరే సమస్య కదా?

---

గోపాలపట్నం_లైనక్స్ | ఆదివారం, మధ్యాహ్నం 2:40

వేరే సమస్యే. ఇప్పుడు అనుమానించాల్సింది డిస్కుని, లెన్సుని. ముందు డిస్కుని వెలుతురుకి పట్టి చూడండి. సన్నటి తీగల్లా బూజు గీతలు ఉంటే, మామూలు నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. డేటా గుండ్రంగా రాసి ఉంటుంది, ఆ దిక్కులో గీత పడితే వరసగా చాలా డేటా పోతుంది.

సీడీల లేబుల్ వైపు ఇంకా జాగ్రత్త. సీడీలో డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది, పైన సన్నటి లక్క పూత, అంతే. డీవీడీలో అది రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి కొంచెం నయం.

తర్వాత బయటి యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి తెప్పించి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మీద డీడీరెస్క్యూ (చెడిన డిస్కుల నుంచి డేటా తీసే ప్రోగ్రాం) నడపండి. అది ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసుకుని, రాని చోట్లు ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. అదే మ్యాప్ ఫైల్‌తో ఇంకో డ్రైవ్‌లో నడిపితే మిగిలిన చోట్లకే వెళ్తుంది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవడం నేను చాలాసార్లు చూశాను. లేజరు, అమరిక ప్రతిదానికీ కాస్త తేడా. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లే ఇస్తుంది కాబట్టి రెండు ప్లగ్గుల కేబుల్ ఉన్నది కొనండి. కరెంటు చాలకపోవడం ఇప్పుడే చూశాం కదా.

---

డీటీపీ_అక్క | ఆదివారం, సాయంత్రం 5:10

తమ్ముడూ, డ్రైవ్ నడుస్తున్న ఈ నాలుగు రోజుల్లోనే పుస్తకం ఫైళ్లని ఆ పాత మిషన్ మీదే పేజ్‌మేకర్‌లో తెరిచి, పీడీఎఫ్ చేసేయండి. ఫాంట్లు పీడీఎఫ్ లోపలే ఎంబెడ్ అయ్యాయో లేదో ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసుకోండి. ఒత్తులు, వట్రుసుడి సరిగ్గా కనబడితే పీడీఎఫ్ మంచిదే. పేజీలు ఎప్పుడైనా అచ్చుకి ఇవ్వొచ్చు. అక్షరాలు వెతకాలన్నా, వెబ్‌లో పెట్టాలన్నా అప్పుడు యూనికోడ్‌కి మార్చుకోవచ్చు, దానికి కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ప్రూఫ్ మాత్రం మనిషే చూడాలి.

ఫాంట్ల ఫోల్డర్ కూడా పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకోండి. అందరూ మర్చిపోయేది అదే.

---

పెదవాల్తేరు_డీటీపీ | మంగళవారం, రాత్రి 9:20 (తొమ్మిది రోజుల తర్వాత)

62 డిస్కులు అయ్యాయి. 57 పాత డ్రైవ్‌లోనే పూర్తిగా వచ్చాయి. నాలుగింటికి డీడీరెస్క్యూ పట్టింది. అందులో మూడింటిని యూఎస్‌బీ డ్రైవ్ ఒక్కటే చదివేసింది. నాలుగోది, పుస్తకం రెండో భాగం ఉన్న డీవీడీ, రెండు డ్రైవ్‌లూ మార్చి మార్చి పెడితే, బుధవారం అర్ధరాత్రి దాటాక చివరి సెక్టార్ కూడా వచ్చింది. నాన్నగారు పడుకోకుండా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఒకటి పోయింది. లేబుల్ మీద అతికించిన కాగితం స్టిక్కర్ తేమకి లేచి, దాంతోపాటు వెండి పూత కూడా ఊడి వచ్చింది. వెలుతురుకి పెడితే డిస్కు అవతలి గోడ కనిపిస్తోంది. అది 2007లో ఒక స్కూలు వార్షికోత్సవ సంచిక. దాని అచ్చు ప్రతి ఆ స్కూల్లో ఉంటుందేమో అడుగుతానన్నారు నాన్నగారు.

పీడీఎఫ్‌లు అయ్యాయి. అక్క చెప్పినట్టు ఫాంట్లు కూడా రెండు చోట్ల పెట్టాను. నిన్న పేజీలు ప్రింటు తీసి ఇస్తే, 41వ పేజీలో ఒక వీధి పేరులో దీర్ఘం తప్పిందని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. దాన్ని పేజ్‌మేకర్‌లోనే దిద్దాలి. ఇప్పుడే పాత సీపీయూ ఆన్ చేశాం.